వాదీ దాటిన తూటా

దూరం నుంచి జంతువును కొట్టేవాణ్ణి నేను మెచ్చుకోను. మెచ్చుకోననడం మర్యాదకు అంటున్న మాట, నిజానికి నాకు అసహ్యం. ఎంత దూరం నుంచి కొట్టాడో చెప్పి మీసం మెలేసేవాడు ఎదురైతే, కొట్టాక దాని దగ్గరికి ఎవరు నడిచారని అడుగుతాను. సూటిగా జవాబు చెప్పినవాడు ఇంతవరకు దొరకలేదు. తుపాకి గురించి మొదలుపెడతారు, గాలి గురించి చెబుతారు, చివరికి నన్ను తిక్కమనిషి అని వెళ్ళిపోతారు. అననీ. ఒమన్‌లో నేను చూసింది వాళ్ళు చూడలేదు.

తొంభైల మొదటి సంవత్సరాలవి. నేను జగిత్యాల వైపు నుంచి కూలీ వీసా మీద వెళ్ళి, రుసైల్‌లో కంపెనీ యార్డులో సిమెంటు బస్తాలు మోసి, కిందామీదా పడి లైసెన్సు సంపాదించి డ్రైవర్నయ్యాను. కంపెనీ కొండ ఊళ్ళకు రోడ్లు వేసేది. సమాయిల్ దాటి లోపలికి పోతే కొండల మొదట్లో మా క్యాంపు. రేకుల రూములు, ఒక కిచెన్, నీళ్ళ ట్యాంకరు, చుట్టూ మాడిన రాళ్ళు. దూరపు కొండలు నునుపని బళ్ళో చదువుకున్నాను గానీ, ఆ మాటలో ఎంత నిజముందో ఆ కొండలు ఎక్కాకే నా మోకాళ్ళకు తెలిసింది. కాలు పెట్టిన ప్రతి చోటా రాయి జారేది.

క్యాంపులో మాకు అన్నం పెట్టేది భాయ్. కడప మనిషి. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడేమో, బాగా ఒళ్ళున్నవాడు, నోరు మంచిది కాదు. కూరలో ఉప్పు తగ్గిందన్నవాడికి మర్నాడు ఉప్పు గడ్డే పళ్ళెంలో పెట్టేవాడు. మా కరీంనగర్ వాళ్ళ మాట వింటే ఆయనకు నవ్వు, ఆయన మాట వింటే మాకు నవ్వు. అంత నోరున్నా, ఎవరికైనా జ్వరం వస్తే రూముకు గంజి పంపేవాడు. పంపి, ‘తాగకపోతే నెత్తిన పోస్తానని చెప్పు’ అని కబురు కూడా పంపేవాడు. ఆయనకు ఐదు పూటల నమాజు తప్పేది కాదు. క్యాంపులో అందరికంటే నాకే ఆయన దగ్గర చనువు, ఎందుకంటే సమాయిల్ నుంచి కూరగాయలు తెచ్చే బండి నాది.

ఇక సారు. ప్రాజెక్టు మొత్తానికి పెద్ద. ఏ దేశంవాడో రాయను. రాస్తే మీరు ఆ దేశం మీద పడతారు, తప్పు దేశానిది కాదు. మస్కట్‌లోని ఖురంలో విల్లా ఉండేది. వారమంతా అక్కడి ఆఫీసులో కూర్చొని, గురువారం సాయంత్రం క్యాంపుకొచ్చి, శుక్రవారం వేటకెళ్ళేవాడు. మనిషి చెడ్డవాడని చెప్పలేనని చాలామంది అంటారు. నేను చెప్పగలను. పాత బూట్లు నాకిచ్చాడు, పండగకు మిఠాయి పంచాడు, ఎవణ్ణీ పేరు పెట్టి పిలవలేదు. భాయ్ ‘కుక్’, నేను ‘డ్రైవర్’. ఆయనకు మేం దూరం నుంచే బాగా కనిపించేవాళ్ళం.

ఆ కొండల్లో ఒక రకం కొండమేకలుండేవి. గుబురుగా జూలు, వెనక్కి వంగిన కొమ్ములు, నిలువు రాతి గోడ మీద కూడా మన ఇంటి అరుగు మీద నిలబడ్డంత తాపీగా నిలబడేవి. వాటిని వేటాడకూడదని అప్పటికే ఆ దేశంలో నిషేధం. సారుకు తెలుసు, తుపాకి ఇచ్చిన మా అర్బాబుకూ తెలుసు. అర్బాబంటే అక్కడ యజమాని, కంపెనీ ఆయనదే. ఆయన ఎప్పుడూ వేటకు రాలేదు గానీ మాంసం సగం తన ఇంటికి వెళ్ళాలన్నాడు. వెళ్ళాలంటే అది హలాల్ కావాలి. ప్రాణం ఉండగానే ముస్లిం చెయ్యి దాని గొంతు మీద కత్తి పెట్టాలి, దేవుడి పేరు చెప్పి కోయాలి. క్యాంపులో ఆ పనికి కుదిరే మనిషి భాయ్ ఒక్కడే.

అలా మా ముగ్గురికీ ముడిపడింది. సారు కొడతాడు, భాయ్ కోస్తాడు, నేను బండి తోలతాను. మొదట్లో ఇబ్బంది ఉండేది కాదు. సారు పాకుతూ దగ్గరికి పోయేవాడు, చాలాసార్లు మేకే ముందు చూసి ఉడాయించేది. ఎప్పుడైనా ఒకటి పడితే భాయ్ నాలుగంగల్లో దాని దగ్గర ఉండేవాడు. తల మీద చెయ్యి పెట్టి, బిస్మిల్లా అని, ఒక్క కోత. అంత ఒళ్ళున్న మనిషి చెయ్యి ఆ క్షణంలో ఎంత తేలిగ్గా కదిలేదో. నాకు వేట మీద కోపం అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు.

కోపం తెప్పించింది దుర్భిణి. సారు సెలవుకెళ్ళి వస్తూ తుపాకికి బిగించే దుర్భిణి ఒకటి తెచ్చుకున్నాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. ఇక పాకడం మానేశాడు. గట్టు మీద దుప్పటి పరుచుకొని, సంచి మీద తుపాకి ఆనించి, ఫ్లాస్కులో కాఫీ పక్కన పెట్టుకొని పడుకునేవాడు. మధ్యలో వాదీ. వాదీ అంటే ఎండిపోయిన కొండవాగు, లోతుగా, రెండు పక్కలా గోడల్లాంటి గట్లు. అవతలి గట్టు మీద మేక కనిపిస్తే కొట్టేవాడు. కొట్టాక ముందు చూసేది మేక పడిందా లేదా అని కాదు, ఎంత దూరమా అని. ‘దగ్గర నుంచి ఎవడైనా కొడతాడు, అది కసాయి పని’ అన్నాడొకసారి నాతో. కసాయి పని చేసేవాడు పక్కనే కత్తి పట్టుకొని నిలబడి ఉన్నాడని కూడా ఆయనకు తోచలేదు.

దూరం నుంచి కొట్టడంలో ఉన్న మోసం ఏమిటో నేను బైనాక్యులర్ పట్టుకొని శుక్రవారం తర్వాత శుక్రవారం చూశాను కాబట్టి చెబుతున్నాను. మన గట్టు మీద ముళ్ళచెట్టు ఆకు కదలదు, అవతల దుమ్ము లేచిపోతూ ఉంటుంది. రెండు గాలులు, మధ్యలో వాదీలో పైకి లేచే వేడి గాలి మూడోది. తూటా ఆ మూడింటినీ దాటుకొని పోవాలి. పోయేలోపు మేక ఒక అడుగు వేస్తుంది. ఆ ఒక్క అడుగుతో గుండెకు తగలవలసింది కడుపులో తగులుతుంది. తగిలిందో లేదో ఇవతలి నుంచి తెలియదు. అది గెంతితే ‘తప్పింది’ అంటాడు, కుంటితే ‘పడిపోతుందిలే’ అంటాడు. తీరా అవతలికి చేరాక, ఇక్కడి నుంచి గుర్తుపెట్టుకున్న రాయి అక్కడ ఉండదు. అన్ని రాళ్ళూ ఒకేలా ఉంటాయి, ఎండకు రక్తం ఆరి రాయి రంగులో కలిసిపోతుంది.

అందుకే నాకు తువాలు పని వచ్చింది. భాయ్ వాదీలోకి దిగి, అవతలి గట్టు ఎక్కుతుంటే, నేను ఇటు నిలబడి బైనాక్యులర్‌తో మేకను చూస్తూ తువాలు ఊపాలి. ఎడమకు ఊపితే ఎడమకు పోవాలి, నెత్తి మీద తిప్పితే పైకెక్కాలి. ఆయన ఆయాసంతో ఆగి, నడుం మీద చేతులు పెట్టుకొని నా వైపు చూస్తుంటే, తువాలు ఊపడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. ఊపకపోతే దారి తప్పుతాడు. వెనక సారు కాఫీ తాగుతూ ‘ఫాస్ట్, ఫాస్ట్’ అనేవాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు.

ఒకసారి భాయ్ చేరేసరికి మేక చచ్చిపోయి ఉంది. ఆయన కత్తి ఒరలో నుంచి తియ్యనే లేదు. ఖాళీ చేతులతో తిరిగొచ్చి, ‘ముర్దార్’ అన్నాడు. అంటే చచ్చిన మాంసం, తినరానిది. సారు నవ్వి, పోయి గొంతు కోసి తెమ్మన్నాడు. ఎవరు చూశారు, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. భాయ్ వెనక్కి తిరిగి బండి వైపు నడిచాడు. బండి దగ్గర నాతో అన్నాడు.

‘నా అబద్ధాన్ని అర్బాబు ఇంట్లో పిల్లోళ్ళ నోట్లో పెట్టల్లంట. ఏం మనిషప్పా వీడు?’

‘నువ్వు మసీదుకు పోతనని చెప్పరాదు భాయ్. శుక్రవారం నమాజు ఉన్నదని చెప్పు.’

‘చెప్పినా. పోయొచ్చినాక పోదువులే అన్యాడు. నా వీసా ఈ యేడు తిరగరాయల్ల గదా. వాని చేతిలో ఉండాది.’

కత్తి సీటు కింద పెడుతూ మళ్ళీ తనే అన్నాడు.

‘అదొక్కటే కాదురా. వాడు కొట్టడం మానడు. నేను పోకపోతే అది ఆ రాళ్ళలో పేగులు ఈడ్చుకుంటా ఎన్నాళ్ళు పడుంటాదో. ఎవరో ఒకరు పోవల్ల గదా దాని కాడికి.’

మా వైపు కూడా వేట ఉండేది. మా మేనమామ పందుల వేటకు పోయేవాడు, వలలు, కుక్కలు, బల్లేలు. అదేదో పుణ్యకార్యమని చెప్పను. వలలో పడ్డ పంది అరుపు వింటే అన్నం సహించదు. కానీ అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. మొదటి పోటు పొడిచినవాడికి తలకాయ దక్కుతుంది. పోటు తిన్న పంది తప్పించుకుంటే, అది పడేదాకా దాని వెంట పోవలసింది కూడా వాడే. మధ్యలో వెనక్కి వచ్చినవాడికి పాలు లేదు. అంతటితో పోదు, కల్లు మండువలో వాడి పరువు తీసేవాళ్ళు. మా మామ ఒకసారి అలా వెంటపడి, పొద్దు గుంకేవేళకు తొడ చీల్చుకొని వచ్చాడు, పందిని మాత్రం విడవలేదు. పొడిచిన చెయ్యి, వెంటపడిన కాళ్ళు ఒకే మనిషివి. ఖురం విల్లాలో ఉండే సారుకు చెయ్యి మాత్రమే ఉంది, కాళ్ళు భాయ్‌వి.

ఎండలు ముదురుతున్నాయి. ఒక శుక్రవారం భాయ్ అవతలి గట్టు సగం ఎక్కి కూలబడిపోయాడు. నేను తువాలు పక్కన పడేసి పరిగెత్తాను. పెదాలు తెల్లగా, ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని ఉన్నాడు. నీళ్ళు తాగించాను. తాగి, నన్ను తోసేసి, మళ్ళీ లేచి ఎక్కి ఆ పని ముగించే వచ్చాడు. ఆ రోజు నాకు అర్థమైపోయింది, సారు ఇలాగే దూరం పెంచుకుంటూ పోతే ఏదో ఒక శుక్రవారం మేకతో పాటు ఈయనను కూడా మోసుకొని దిగాల్సి వస్తుందని.

ఆయనకు కూడా అర్థమైనట్టుంది. మర్నాడు సారు మస్కట్ బయల్దేరేముందు టిఫిన్ కోసం కిచెన్‌కు వస్తే, భాయ్ పెనం దించి, గరిటె చేత్తో పట్టుకొనే ఎదురు నిలబడ్డాడు. తన వంటింటి హిందీలో చెప్పాడు.

‘సాబ్, జిత్నా దూర్ ఆప్ మారేగా, ఉత్నా దూర్ హమ్ దౌడేగా. హమ్ బుడ్ఢా హోగయా.’

మీరెంత దూరం కొడితే నేనంత దూరం పరిగెత్తాలి, ముసలాణ్ణయ్యాను అని. సారు నవ్వాడు. మరి ఏం చెయ్యమంటావని అడిగాడు. వాదీకి ఇవతల ఉన్నదాన్నే కొట్టండి, అవతలిది కొట్టనని మాటివ్వండి, అప్పుడే వస్తాను అన్నాడు భాయ్. వీసా సారు చేతిలో ఉందని ఈయన మరిచాడా అనుకున్నాను. సారు చెయ్యి చాపాడు. గరిటె ఎడమ చేతికి మార్చుకొని భాయ్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. ‘ప్రామిస్’ అన్నాడు సారు. ఆ మాట నేను నా చెవులతో విన్నాను.

కొన్ని శుక్రవారాలు మాట మీద ఉన్నాడు, అది కూడా చెప్పాలి. ఇవతలి గట్టున పాకడం అలవాటు తప్పింది కదా, ప్రతిసారీ మేకలు ముందే పసిగట్టేవి. ఖాళీగా తిరిగొచ్చేవాళ్ళం. భాయ్‌కు అంతకంటే కావలసింది లేదు, దారి పొడుగునా పాటలు. సారు మొహం మాడ్చుకొని కూర్చునేవాడు. అప్పుడే ఆయనకు ఏటా ఇచ్చే సెలవు వచ్చింది. ఊరికెళ్ళేలోపు కొమ్ములతో ఒక ఫోటో కావాలి. వెళ్ళేముందు ఇదే ఆఖరి శుక్రవారం అని బండిలో తనే చెప్పాడు.

ఆ రోజు ఉదయం నుంచి ఇవతల ఒక్కటీ కనిపించలేదు. ఎండెక్కింది. సర్దుకుందామని నేను దుప్పటి మడుస్తుంటే, వాదీకి అవతల, చాలా దూరంలో, రాతి గోడ మీద పోతు ఒకటి వచ్చి నిలబడింది. పెద్ద కొమ్ములు. సారు మా వైపు చూడలేదు. పడుకున్నాడు, గురి పెట్టాడు. ‘సాబ్, నహీ’ అని భాయ్ అంటూనే ఉన్నాడు. తుపాకి పేలింది.

బైనాక్యులర్‌లో చూశాను. మేక వెనక భాగం కూలింది. ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ పక్కనే ఉన్న రాతి అంచు మీదకు చేరి ఆగిపోయింది. సారు లేచి మోకాళ్ళు దులుపుకొని, ఇంత దూరం తానెప్పుడూ కొట్టలేదన్నాడు. నా భుజం తట్టబోతే తప్పుకున్నాను.

భాయ్ నేల మీద చతికిలబడ్డాడు. కత్తి తీసి ముందు పెట్టుకున్నాడు.

‘నేను పోను. మాట తప్పినాడు.’

నేనది సారుకు చెప్పాను. ఆయనకు కోపం కూడా రాలేదు. అదే నాకు ఎక్కువ మంట. భుజాలెగరేసి, సరే వదిలేయండి, మధ్యాహ్నానికి చచ్చిపోతుంది, అర్బాబుకు ఏమీ దొరకలేదని చెబుతాం అన్నాడు. కొమ్ములకు రేపు ఎవరినైనా పంపుతానన్నాడు. ఫ్లాస్కు మూత తిప్పుతూ అన్నాడు ఆ మాట.

మేక అరుపు వాదీలో ప్రతిధ్వనిస్తోంది. భాయ్ కాసేపు చెవులు వినపడనట్టే కూర్చున్నాడు. తర్వాత ఒక బండబూతు తిట్టి, కత్తి నడుముకు కట్టుకొని లేచాడు.

‘యాడికి పోతవ్ భాయ్? మాట తప్పింది గాయిన. నువ్వెందుకు సచ్చుడు?’

‘వానికోసం పోతాన్నా నేను? అరుస్తాంది వినపడల్యా నీకు? తువాలు తీసుకో.’

దిగాడు. నేను తువాలు పట్టుకొని నిలబడ్డాను. వాదీ అడుగున రాళ్ళ మధ్య చిన్న తెల్ల చొక్కా కదలడం, ఆగడం, మళ్ళీ కదలడం. ఆయన అవతలి గోడ ఎక్కి రాతి అంచు దగ్గరికి చేరాడు. అంచు సన్నగా ఉంది. గోడకు వీపు ఆనించి, పక్కకు పక్కకు జరుగుతూ పోతున్నాడు. ఇంకొంచెం చెయ్యి చాపితే మేక అందుతుంది. సరిగ్గా అప్పుడు అది ముందు కాళ్ళ మీద లేవబోయింది.

నా పక్కన చప్పుడైతే చూశాను. సారు మళ్ళీ తుపాకి మీద పడుకొని ఉన్నాడు. అది లోయలోకి దూకితే కొమ్ములు విరుగుతాయట.

‘సార్, భాయ్ ఉన్నడు! మార్నా నహీ!’ అని అరిచాను.

‘నాకు కనిపిస్తున్నాడు. చాలా ఎడం ఉంది’ అన్నాడు ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా, పిల్లవాడికి చెప్పినట్టు. నేను తుపాకి మీదికి దూకేలోపే అది పేలింది.

మేకకు తగలలేదు. గోడ మీద తెల్లగా దుమ్ము లేచింది. భాయ్ రెండు చేతులతో మొహం పట్టుకున్నాడు. ఇంత దూరానికి అరుపు వెంటనే రాదు. అన్నీ జరిగిపోయాక, నిదానంగా వచ్చింది. సారు దుర్భిణిలో నుంచి కన్ను తియ్యకుండా ‘రాయి... రాయి ముక్క తగిలిందంతే’ అన్నాడు. ఆయన్ని అక్కడే కొట్టి ఉండాలని ఇప్పటికీ అనిపిస్తుంది. కొట్టడానికి కూడా నాకు టైం లేదు. బండి తాళం జేబులో ఉందో లేదో తడుముకొని, నీళ్ళ క్యాను ఎత్తుకొని దిగాను. తాళం నా దగ్గరుంటే, నేను వచ్చేదాకా సారు ఆ ఎండలో అక్కడే పడి ఉండాలి, నడిచి పోయేంత దగ్గరలో ఏ ఊరూ లేదు.

ఎలా ఎక్కానో నాకు గుర్తు లేదు. నేను అంచు చేరేసరికి భాయ్ గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. ఒక కంటి చోట అంతా రక్తం. చొక్కా ముందంతా రక్తం, అందులో ఆయనది ఎంతో మేకది ఎంతో తెలియదు. మేక ఆయన కాళ్ళ దగ్గర కదలకుండా పడి ఉంది. గొంతు కోసి ఉంది, ఒక్క కోత. కన్ను పోయి, అంచు మీద తడుముకుంటూ పోయి, ముందు దాని పని ముగించాడు.

‘అయిపోయినాదా?’ అని అడిగాడు నన్ను. ‘సరిగ్గా తెగిందా చూడు. నాకు కనపడల్యా.’

‘తెగింది భాయ్’ అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆయన్ని వీపు మీద వేసుకున్నాను. మేకను అక్కడే వదిలేశాం.

బండి దగ్గర సారు నిలబడి ఉన్నాడు. మొహం మాత్రం పాలిపోయింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. తుపాకిని దుప్పట్లో చుట్టి సీటు కింద దాచాడు. దారి పొడుగునా వెనక సీటులో నుంచి ఒకటే మాట. సైట్‌లో బండ పగలగొడుతుంటే ముక్క ఎగిరి తగిలింది, అర్థమైందా? సైట్. బండ. అర్థమైందా? భాయ్ ముందు సీటులో తడి తువాలు మొహం మీద వేసుకొని కూర్చున్నాడు. సమాయిల్ ఆసుపత్రి గేటు ముందే సారు దిగిపోయాడు, టాక్సీ చూసుకుంటానని. అక్కడి వాళ్ళు కట్టు కట్టి మస్కట్ పెద్దాసుపత్రికి పంపారు. నేను వరండాలో ఉండగానే ఆ కన్ను తీసేశారు.

రెండో రోజు కంపెనీ మందూబ్ వచ్చాడు. కాగితాల పని, పోలీసుల పని చూసేవాడిని అక్కడ అలా అంటారు. మెత్తగా మాట్లాడే మనిషి. సైట్ ప్రమాదమని చెబితే కంపెనీ అన్నీ చూసుకుంటుంది, వీసా తిరగరాస్తుంది, కూర్చొని చేసే పనిస్తుంది అన్నాడు. తుపాకి అన్నారంటే మాత్రం మీరిద్దరూ వేటలో ఉన్నవాళ్ళే, నువ్వు కోసినవాడివి, వీడు బండి తోలినవాడు. ముందు జైలు, తర్వాత ఎగ్జిట్, మళ్ళీ ఈ దేశం మొహం చూడరు. డాక్టరు ఇంకా ఏమీ రాసుకోలేదు, రేపు అడుగుతాడు, ఆలోచించుకోండి అన్నాడు. నాకు ఊళ్ళో వీసా అప్పు ఇంకా తీరలేదు. నేను భాయ్ వైపు చూశాను.

‘ఆయప్పను రమ్మను’ అన్నాడు భాయ్. ‘ఈ మంచం కాడికొచ్చి, నా మొగం చూసి, నేను కొట్టినా తప్పయింది అని ఒక్క మాట అనమను. బండ అంటే బండ, సైట్ అంటే సైట్. ఏం చెప్పమంటే అది చెప్తా.’

ఇంత చవకగా వదిలేస్తున్నాడని నాకు మండింది. కానీ పోయిన కన్ను ఆయనది. మందూబ్ సంతోషంగా వెళ్ళాడు.

మర్నాడు పొద్దున సారు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ళ సంచి. సాయంత్రం ఆయన విమానం. వార్డు తలుపు దగ్గర ఆగిపోయాడు. పొడుగు వార్డు, భాయ్ మంచం ఆ చివర. చెయ్యెత్తి ఊపాడు. నేను వస్తాడని చూస్తున్నాను. రాలేదు. అక్కడి నుంచే నన్ను సైగ చేసి పిలిచాడు. వెళ్ళాను.

‘హౌ ఈజ్ హీ?’ అన్నాడు.

‘పిలుస్తున్నాడు, రండి’ అన్నాను.

సారు మంచం వైపు చూశాడు. భాయ్ దిండుకు ఆనుకొని లేచి కూర్చున్నాడు, కట్టు లేని వైపు మొహం తిప్పి. అక్కడి నుంచే నన్ను గట్టిగా అడిగాడు.

‘వచ్చినాడా? తలుపు కాడ ఎవరో ఉండారు. దగ్గరికి రమ్మను, ఈడినుంచి నాకు ఆనడంల్యా.’

నేనది సారుకు చెప్పాను, ఒక్క ముక్క పొల్లు పోకుండా. ఆయన గడియారం చూసుకున్నాడు. పేషెంటును ఇబ్బంది పెట్టకూడదు, సెలవు నుంచి రాగానే వచ్చి చూస్తాను, ఈ పళ్ళు ఇవ్వు అన్నాడు. సంచి నా చేతిలో పెట్టి, మరోసారి చెయ్యి ఊపి, వరండాలో నడిచి వెళ్ళిపోయాడు. బూట్ల చప్పుడు మెట్ల దాకా వినిపించింది.

నేను మంచం దగ్గరికి వచ్చాను. పళ్ళ సంచి మంచం కింద పెట్టాను.

‘డాక్టర్ను పిల్చకరా’ అన్నాడు.

‘ఏమని చెప్తవ్ భాయ్?’

‘ఉన్నదే చెప్తా. నీ ఉద్యోగం గూడా పోతాది రా, అబ్బోడా. జైలంట. నువ్వొద్దంటే చెప్పను.’

ఊళ్ళో అప్పు కళ్ళ ముందు మెదిలింది. నాన్న మొహం మెదిలింది. తలుపు వైపు చూశాను, అక్కడ ఎవరూ లేరు.

‘పోతే పోనీ భాయ్. చెప్పు. నేను గూడ చెప్త’ అన్నాను.

డాక్టరును పిలుచుకొచ్చాను. ఆయన పక్క మంచం దగ్గరున్న స్టూలు లాక్కొని భాయ్ మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. కట్టు మీద మెల్లగా చెయ్యి పెట్టి, ఎలా తగిలిందని అడిగాడు.

‘బందూక్’ అన్నాడు భాయ్.